టూరుకు తేదీ ఉంది, అత్యవసర నిధి జోలికి వెళ్లకండి

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, చేతికి నెలకు 48,000 వస్తుంది. ఇంటి అద్దె, బండి ఈఎంఐతో కలిపి ఖర్చులు 41,000. లక్ష రూపాయల చిట్టీకి నెలకు 5,000, మ్యూచువల్ ఫండ్ సిప్‌లో 2,000 కడుతున్నాను. అత్యవసరానికని బ్యాంకులో 62,000 ఉంచాను. మా అమ్మాయి పదకొండో తరగతి, డిజైన్ కోర్సు చేస్తానంటోంది. స్కూలువాళ్లు ఫిబ్రవరిలో ముంబయికి ఐదు రోజుల ఆర్ట్ అండ్ డిజైన్ టూరు పెట్టారు. మనిషికి 28,500. ఈ నెలలో 10,000, మిగతాది జనవరి 10లోగా కట్టాలి. ఒక యాప్‌లో 30,000 లోను ఓకే అయింది, నెలకు రెండున్నర శాతం వడ్డీ, మూడు శాతం ప్రాసెసింగ్ ఫీజు అంటున్నారు. అది తీసుకోనా, బ్యాంకులోది తీయనా? చిట్టీ పాడేద్దామని మా ఆవిడ అంటోంది. దీపావళికి బోనస్ 12,000 వస్తుంది, దాంతో టీవీ కొనాలనుకున్నాం. ఆవిడ కుట్టుపని మీద సంక్రాంతికి ఎనిమిది, తొమ్మిది వేలు వస్తాయి.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. ఊరు, స్కూలు మారతాయి గానీ పొరపాటు ఒక్కటే: నాలుగు నెలల ముందే తేదీతో సహా తెలిసిన ఖర్చును అత్యవసరం ఖాతాలో వేయడం. ఉద్యోగం పోతే, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే అది అత్యవసరం. ఫిబ్రవరి టూరు కాదు.

మీ 62,000 అంటే నెలన్నర ఖర్చు. అందులోంచి 28,500 తీస్తే మిగిలేది 33,500. మీ ఇల్లు 24 రోజులు నడవడానికే అది సరిపోతుంది. నెలనెలా జీతం తెచ్చేది మీరొక్కరే, అదీ ప్రైవేటు ఉద్యోగం. కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 1,23,000 ఉండాల్సిన చోట సగమే ఉంది. ఆ సగంలోనూ సగం తీసేస్తానంటే ఎలా? ఒక్క నెల జీతం ఆగినా బండి ఈఎంఐ బౌన్స్ అవుతుంది, చిట్టీ వాయిదా తప్పుతుంది. అప్పుడు మళ్లీ ఆ యాపే తెరుస్తారు.

ఇక ఆ యాప్ లెక్క. మీరు రాసినట్టు నెలకు రెండున్నర శాతం వడ్డీ, మూడు శాతం ప్రాసెసింగ్ ఫీజు. ఫీజు మీద జీఎస్టీతో కలిపి 1,062 ముందే కోసుకుని చేతిలో 28,938 పెడతారు. ఏడాది పాటు నెలకు 2,925 చొప్పున మీరు కట్టేది 35,100. ఐదు రోజుల టూరుకు 6,162 అదనం. అసలు ఆ 2,925 ఎక్కడి నుంచి తెస్తారు? ఖర్చులు, చిట్టీ, సిప్ కలిపితే సరిగ్గా 48,000. రూపాయి మిగలని బడ్జెట్‌లో కొత్త ఈఎంఐ ఎలా ఇరికిస్తారో నాకైతే అంతుపట్టలేదు. ఈ ఉత్తరం రాశాక ఒకవేళ ‘యాక్సెప్ట్’ నొక్కేసి ఉంటే, ఇప్పుడే లోను షరతులు రాసి ఉండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో కూలింగ్ ఆఫ్ గడువు (లోను వద్దని వెనక్కి తగ్గే వ్యవధి) చూడండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అది కనీసం ఒక రోజు ఉండాలి. ఆలోగా అసలు, ఆ కాస్త కాలానికి వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడవచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పట్టుకోవచ్చు, పోతే పోనివ్వండి.

చిట్టీ పాడటం వద్దు. 28,500 కోసం లక్ష చిట్టీని తోసి పాడితే వదులుకునేదే వేలల్లో ఉంటుంది. బంగారం లోను యాప్ కన్నా చౌకే గానీ, అత్యవసర నిధి సగమే ఉన్న ఇంట్లో ఆ నగలే ఆఖరి ఆసరా.

డబ్బు ఇలా సర్దండి. బోనస్ పడగానే 10,000 అడ్వాన్సు కట్టండి. బోనస్ రావడం నాలుగు రోజులు ఆలస్యమయ్యేలా ఉంటే స్కూల్లో గడువు అడగండి, ఇస్తారు. టీవీ వచ్చే ఏడాది చూసుకోవచ్చు. సిప్‌ను నాలుగు నెలలు పాజ్ చేస్తే 8,000. పాజ్ రిక్వెస్టు వాయిదా తేదీకి కొన్ని రోజుల ముందే పెట్టాలి. ఖాతా ఖాళీగా ఉంచి వదిలేస్తే బ్యాంకు బౌన్స్ ఛార్జీ వేస్తుంది. బోనస్‌లో మిగిలిన 2,000తో కలిపి ఇక్కడికి 20,000. తక్కువ పడేది 8,500. దీన్నంతా కుట్టుపని మీదే పెట్టకండి, ముందు స్కూలు లెక్క తగ్గించండి.

మీరు జతచేసిన షెడ్యూలు చూశాను. సోమవారం ఎన్‌జీఎంఏ (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడ్రన్ ఆర్ట్) అని రాశారు. ముంబయి ఎన్‌జీఎంఏకు సోమవారం సెలవు. ఆ మాత్రం కూడా చూసుకోకుండా ప్యాకేజీ కట్టారంటే ధర కూడా ఎవరో ట్రావెల్స్ ఏజెంటు చెప్పిందే అయి ఉంటుంది. రైలు, బస, బస్సు, భోజనాలు, టికెట్లు విడివిడిగా రాసివ్వమనండి. ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయం, జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, ఎన్‌జీఎంఏ మూడూ దక్షిణ ముంబయిలోని కాలా ఘోడా ప్రాంతం చుట్టుపక్కలే, నడిచే దూరంలో ఉన్నాయి. జహంగీర్‌కు, ఫిబ్రవరిలో జరిగే కాలా ఘోడా ఉత్సవానికి టికెట్ లేదు. 1857 నాటి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ కూడా సీఎస్‌ఎంటీ స్టేషన్ దగ్గరే. కాబట్టి రోజూ ఏసీ బస్సు అక్కర్లేదు, పోవయిలోని ఐఐటీ డిజైన్ స్కూలుకు వెళ్లే రోజు ఉంటే చాలు. ఆ రోజు డబ్బు మిగులుతుందని పిల్లల్ని రద్దీ వేళ లోకల్ రైలెక్కించడం మాత్రం వద్దు.

రైలు కోణార్క్‌లో థర్డ్ ఏసీ అని ఉంది. విద్యాయాత్రకు వెళ్లే విద్యార్థులకు స్లీపర్‌లో సగం ఛార్జీ రాయితీ ఉంది, థర్డ్ ఏసీకి లేదు. స్లీపర్‌కు మారితే రానుపోను మనిషికి 1,500కు తక్కువ కాకుండా మిగులుతుంది. స్కూలు నుంచి రాయితీ పత్రం తీసుకుని కౌంటర్‌లోనే టికెట్ చేయించాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, ఆ పత్రం డిసెంబరు మొదటికే సిద్ధంగా ఉండాలి. చాలామంది మర్చిపోయే ముక్క ఇంకొకటి ఉంది: 45 పైసల రైలు ప్రయాణ బీమా ఆన్‌లైన్ టికెట్లకే, కౌంటర్ టికెట్‌కు రాదు. అందుకని పిల్లలందరికీ కలిపి గ్రూపు ప్రమాద బీమా తీసుకోమని స్కూలును అడగండి. మీ కంపెనీ ఆరోగ్య బీమాలో అమ్మాయి పేరు ఉందో లేదో చూసి, ఈ-కార్డు కాపీని వెంట వెళ్లే టీచరుకు ఇవ్వండి. కంపెనీ బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. సొంత పాలసీ కూడా చూడండి, వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు.

రైలు మార్పుతో తక్కువ పడేది 7,000కు దిగుతుంది. బస్సు రోజులు తగ్గిస్తే ఇంకా తగ్గుతుంది. అది సంక్రాంతి కుట్టుపనిలో వస్తుంది, జనవరి 10లోగా బ్లౌజుల డబ్బు వసూలైతే. అరువు కస్టమర్లు ఎక్కువైతే వారం గడువు ఇప్పుడే రాతపూర్వకంగా అడిగిపెట్టుకోండి. డబ్బు స్కూలు ఖాతాలోకే వేయండి, టీచరు సొంత ఫోన్‌పే నంబరుకు వద్దు. రసీదు మీద, మానేస్తే ఎంత తిరిగిస్తారో రాయించుకోండి.

ఇంత చేసినా డబ్బు కూడకపోతే అమ్మాయిని ముంబయి పంపకండి. అలుగుతుంది, తప్పదు. సాలార్‌జంగ్ మ్యూజియం, మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి, పొద్దున్నే కాజీపేటలో రైలెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటారు. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సాలార్‌జంగ్‌కు సెలవు.

ఫిబ్రవరిలో సిప్ మళ్లీ మొదలుపెట్టండి. చిట్టీ చివరిదాకా పాడకుండా ఉంచి, వచ్చిన మొత్తాన్ని ఎఫ్‌డీలో వేయండి. ఇప్పుడున్న 62,000తో కలిపితే దాదాపు నాలుగు నెలల ఖర్చు అవుతుంది. టీవీ గురించి అప్పుడు రాయండి.