ఊళ్లో వ్యాపారానికి క్రౌడ్ ఫండింగ్ పనికొస్తుందా? ఒకసారి గట్టెక్కి, ఒకసారి బోల్తాపడ్డవాడి జవాబు

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. చిన్న ఊళ్లో వ్యాపారం మొదలుపెట్టడానికి క్రౌడ్ ఫండింగ్ (ఆన్‌లైన్‌లో చాలామంది దగ్గర కొంచెం కొంచెంగా డబ్బు పోగుచేయడం) పనికొస్తుందా? దాన్ని చూసి ఆ చుట్టుపక్కల ఇంకో నలుగురు సొంతంగా నిలబడతారా? మొదటిదానికి నా జవాబు: పనికొస్తుంది, ఒక్కసారికి. రెండోదానికి మా వీధిలో జరిగింది చెప్పాలి.

మాది మంగళగిరి. మా బాబాయి వాళ్లది గుంట మగ్గం, నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేది. అప్పట్లో నూలు, జరీ మాస్టర్ వీవర్ అనే షావుకారు ఇచ్చేవాడు, చీర ఆయనే తీసుకునేవాడు, బాబాయికి చీరకు 700 కూలి. ఆ చీర హైదరాబాద్ షాపులో ఎంతకు పోతుందో నేను చెప్పేదాకా ఆయనకు తెలియదు. సొంతంగా నూలు కొనుక్కుంటే సరిపోతుంది కదా అంటే, నూలుకు డబ్బేది? అందుకే 2022 జూలైలో ఒక క్రౌడ్ ఫండింగ్ సైట్‌లో పేజీ పెట్టాను. బాబాయితో కలిపి ఆరుగురివి ఆరు మగ్గాలు, నిజాం అంచు చీరలు. విరాళం అడగలేదు. ఇప్పుడు 2,400 కట్టండి, 45 రోజుల్లో చీర మీ ఇంటికొస్తుంది, దసరాకి కట్టుకోండి అన్నాను.

118 చీరలు బుక్ అయ్యాయి. మొత్తం 2,83,200. ఆఫీసులో ఎగిరి గంతేసినంత పని చేశాను.

తర్వాత పేర్లు చూసుకుంటే అసలు సంగతి అర్థమైంది. కట్టినవాళ్లు 104 మంది. మొదటి వారం కట్టిన 40 మందిలో తెలియనివాళ్లు ఒక్కరు కూడా లేరు. నా ఇంజనీరింగ్ బ్యాచ్, మా టీమ్, డాలస్‌లో ఉండే మా పిన్ని తన వాట్సాప్ గ్రూపులో పెడితే కట్టినవాళ్లు (చీరలు మాత్రం గుంటూరులోనో విజయవాడలోనో ఉన్న వాళ్లమ్మలకే వెళ్లాయి). ఆ 40 కనపడ్డాకే ముక్కూమొహం తెలియనివాళ్లు కదిలారు. సెల్లాబ్యాండ్ అనే సంగీత క్రౌడ్ ఫండింగ్ సైట్ మీద చేసిన అధ్యయనంలో కూడా ఇదే తేలిందని తర్వాత చదివాను: ముందు పెట్టేది స్నేహితులు, బంధువులు, దూరం వాళ్లు అంకె పెరిగాక వస్తారు. మన పెళ్లి చదివింపుల పుస్తకం గుర్తు తెచ్చుకోండి, ఇది కూడా అంతే. మీరు ఇదివరకు ఎవరెవరికి చదివించారో వాళ్లే ముందు వస్తారు.

ఇక లెక్క. సైట్ కమీషన్, దాని మీద జీఎస్టీ, పేమెంట్ గేట్‌వే కలిపి 9 శాతం దాకా పోయింది, చేతికి వచ్చింది సుమారు 2,58,000. చీరకు నూలు, రంగు, జరీ 750. కూలి 900 ఇచ్చాం. కొరియర్, డబ్బా కలిపి 170, ఇది నేను ముందు లెక్కలో వేసుకోనేలేదు. పేజీ కోసం తీయించిన వీడియోకి 15 వేలు. ఏడు చీరలు మొదటి ఉతుకులోనే రంగు వదిలితే వాటికి మళ్లీ కొత్తవి పంపాం. చివరికి మిగిలింది 15 వేల చిల్లర. కలిసొచ్చింది ఒక్కటే: నూలు దుకాణంలో అప్పు రేటు వేరు, నగదు రేటు వేరు అని బాబాయి మొదటిసారి కళ్లారా చూశాడు.

అసలు టెన్షన్ వానతో వచ్చింది. పడుగును (చీర నిలువు దారాలను) వీధిలో బారుగా చాపి గంజి పట్టించి ఆరబెట్టాలి, దానికి ఎండ కావాలి. వాన పడితే వీధిలో పని ఆగిపోతుంది, లోపల మగ్గం గుంటలో నీరు ఊరుతుంది. బాబాయి పొద్దున్నే చెంబుతో గుంటలో నీళ్లు తోడి, గోనెసంచి పరిచి, దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. మూడు మగ్గాలు దాదాపు మూడు వారాలు ఆగాయి. నేను ఎక్సెల్‌లో మగ్గానికి వారానికి మూడు చీరలు అని వేసుకున్నాను, అందులో వానకు గడి లేదు. ఆఖరి పార్సిల్ వెళ్లేసరికి 83 రోజులు. దసరా చీర దీపావళి దాటాక చేరింది. ఒకావిడ అయితే రోజూ ఫోను. ఒక సాయంత్రం స్పీకర్‌లో ఆవిడ మాటలు విని బాబాయి అన్నాడు: "ఏరా, ఒక్క షావుకారుకి జవాబు చెప్పలేక చస్తున్నామని నూరుమందిని తెచ్చిపెట్టావా?"

అప్పుడు నవ్వాను గానీ, ఇంతకంటే సూటిగా దీని గురించి ఎవరూ చెప్పలేదు నాకు. కాస్త ఊరట ఏంటంటే, అమెరికాలో ఈథన్ మోలిక్ అనే ప్రొఫెసర్ 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్ ఫండింగ్ సైట్‌లో వస్తువు ఇస్తామన్నవాళ్లలో 75 శాతం పైగా ఆలస్యం చేసినవాళ్లే. అక్కడ మగ్గం గుంటలు కూడా లేవు.

మరి ఊరికి ఏం ఒరిగింది? ఆరుగురిలో ఇద్దరు ఇప్పటికీ సొంత నూలుతో నేస్తున్నారు. నలుగురు మళ్లీ మాస్టర్ వీవర్ దగ్గరికే వెళ్లారు. పెళ్లికో ఆసుపత్రికో ఆయన దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరందే బయటికి రాలేరు, నేను తెచ్చిన ఆర్డర్ ఆ బాకీని ముట్టుకోలేదు. కానీ నేను ఊహించనిది ఒకటి జరిగింది. ఇంకెవరైనా జారిపోతారేమోనని ఆయనే ఆ సంక్రాంతికి మిగతా మగ్గాలకు కూలి 700 నుంచి 760 చేశాడు. నా పేజీలో పైసా పెట్టని, పైసా అందుకోని ఇళ్లకు కూడా ఆ 60 వచ్చింది. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో పెద్ద లాభం అదే.

పక్క వీధిలో బాబాయి కంటే మంచి చేయి ఉన్న నేతగాడు ఒకాయన ఉన్నాడు. ఆయనకు డాలస్‌లో పిన్ని లేదు, ఇంగ్లీషులో పేజీ రాసే అన్నకొడుకు లేడు. క్రౌడ్ ఫండింగ్ ఊరిని లేపుతుందని ఎవరైనా చెప్తే నాకు ఆయనే గుర్తొస్తాడు.

2023లో రెండో పేజీ పెట్టాను. 91,200 దగ్గర ఆగిపోయింది, అంటే 38 చీరలు. మళ్లీ అవే పేర్లు. పాపం, ఒక మనిషి ఎన్ని చీరలు కొంటాడు?

మీరు దిగేముందు ఒక మాట. మా బావమరిది "వాటా ఇస్తానని పెట్టు బావా, కోట్లొస్తాయి" అన్నాడు. ఆ పని చేయకండి. జనం దగ్గర ఇలా ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుని షేర్లు ఇవ్వడానికి మన దగ్గర అనుమతి లేదు. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ దీని మీద 2014లో చర్చాపత్రం వేసింది, 2016లో అనుమతి లేని వేదికల గురించి హెచ్చరించింది. కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో (అందరికీ కాకుండా ఎంచుకున్నవాళ్లకే షేర్లు ఇవ్వడంలో) ఏడాదికి 200 మందిని మించి అడగకూడదు. వడ్డీ ఇస్తామని నలుగురి దగ్గర వసూలు చేస్తే 2019 నాటి డిపాజిట్ల నిషేధ చట్టం మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. అప్పే కావాలంటే ఆర్‌బీఐ లైసెన్సు ఉన్న పీర్ టు పీర్ సంస్థలున్నాయి (మామూలు మనుషుల దగ్గరే ఆన్‌లైన్‌లో అప్పు ఇప్పించేవి), అక్కడ ఒక్కొక్కరు మీకు 50 వేలకు మించి ఇవ్వడానికి లేదు. ఇక ఉత్తి విరాళంగా తీసుకుంటే, బంధువులు కానివాళ్లు ఇచ్చింది ఏడాదిలో 50 వేలు దాటితే పన్ను పడుతుంది. ముందస్తు ఆర్డరే వీటన్నిటికంటే శుభ్రం, బిల్లు రాసి అమ్మకంగా చూపించొచ్చు.

ఇప్పుడు మాకు పేజీ లేదు. ఆ రెండుసార్లూ కొన్నవాళ్లు, వాళ్లు చెప్పగా వచ్చినవాళ్లు కలిసి వాట్సాప్‌లో ఒక జాబితా తయారైంది. బాబాయి పడుగు మగ్గానికి ఎక్కించిన రోజు ఫోటో పెడతాం, నాలుగైదు చీరలు దాని మీదే అమ్ముడవుతాయి. బ్యాంకులో చేనేత ముద్రా రుణం అడిగినప్పుడు కూడా మేనేజరు తిప్పితిప్పి చూసింది పేజీ డబ్బు పడ్డ ఆ రెండు నెలల అకౌంట్ స్టేట్‌మెంటునే.

మీరు పెట్టబోయే వ్యాపారం ఏంటో రాయలేదు. తినే వస్తువా, చేతిపనా, యంత్రమా? అది చెప్పి, పేజీ పెట్టిన మొదటి వారం కట్టే 40 మంది పేర్లు ఒక కాగితం మీద రాసి చూడండి. 40 నిండకపోతే మొదలుపెట్టకండి. నిండినా, వానలు పడే జూలైలో మాత్రం వద్దు.