కలపకు పట్టించిన మందు లెక్క: అమ్మలుకి పెద్దనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి పెద్దనాన్న ఆశీస్సులు.

మీ ఆఫీసులో నీకు అప్పజెప్పిన పని గురించి ఫోన్‌లో చెప్పావు. చెదలు, బూజు పట్టకుండా మందు పట్టించిన కలప ఏడాదిలో ఎంత తయారైంది, బయటినుంచి ఎంత వచ్చింది, అందులోకి ఎంత మందు పోయింది అని అంచనా కట్టాలి. ఇది ఫోన్‌లో తేలే విషయం కాదు, లెక్కలు కాగితం మీద ఉంటేనే నయం. నా ఉద్యోగమంతా ట్రీట్‌మెంట్ ప్లాంట్ల చుట్టూనే గడిచింది కాబట్టి నీకు అక్కరకొచ్చేది రాస్తున్నా.

నువ్వు ఏ ప్లాంట్‌కి వెళ్లి అడిగినా ఘనపు మీటరుకు ఇన్ని కిలోలు అని ఒక అంకె చెబుతారు. అది దేని బరువో రాసుకోకుండా అక్కణ్ణుంచి కదలకు. నీళ్లలో కలిపిన ద్రావణం బరువా, డ్రమ్ములో వచ్చిన పొడి బరువా, ఆక్సైడ్ల లెక్కా, లేక రాగి, ఆర్సెనిక్ లాంటి మూలకాల లెక్కా? ఒకే కలపకు ఈ నాలుగూ నాలుగు వేరు వేరు అంకెలు. నాకు తెలిసి ఇలాంటి రిపోర్టులు ఎక్కువగా చెడేది ఇక్కడే.

సీసీఏనే తీసుకో. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో శొంఠి కామేశం గారు 1933లో దీన్ని కనిపెట్టారు. శొంఠి వారి ఇంటిపేరు మనకు కొత్త కాదు, అయినా ప్రపంచమంతా స్తంభాలను నిలబెట్టిన మందు ఆయనదని మనలో ఎంతమందికి తెలుసు? రాగి బూజును ఆపుతుంది, ఆర్సెనిక్ చెదలను ఆపుతుంది, క్రోమియం ఆ రెంటినీ వానకు కొట్టుకుపోకుండా చెక్కకు పట్టి ఉంచుతుంది. మన ఇండియన్ స్టాండర్డ్ ప్రకారం ఆర్సెనిక్ పెంటాక్సైడ్ ఒక పాలు, రాగి ఉప్పు అయిన మైలుతుత్తం మూడు పాళ్లు, క్రోమియం ఉప్పు అయిన డైక్రోమేట్ నాలుగు పాళ్లు.

ఘనపు మీటరుకు 8 కిలోల పొడి పట్టిందనుకో. ఆక్సైడ్ల లెక్కలో అది దాదాపు 4.5 కిలోలే. మూలకాల్లోకి దించితే ఆర్సెనిక్ 0.56, రాగి 0.76, క్రోమియం 1.4 కిలోలు. అమెరికాలో నేలలో పాతే కలపకు చెప్పే 6.4 కిలోలు మాత్రం ఆక్సైడ్ల లెక్క. పైగా అక్కడ వాడిన సీసీఏ ‘సి’ రకంలో ఆర్సెనిక్ పాలు ఎక్కువ, ఆక్సైడ్లలో 34 శాతం. అంటే ఆ 6.4 కిలోల్లో ఉన్న ఆర్సెనిక్ 1.4 కిలోలు. 8 పక్కన 6.4 పెడితే చిన్నదిగా కనిపిస్తుంది, ఆర్సెనిక్ చూస్తే మన దానికి రెండున్నర రెట్లు! అందుకే బయటి దేశాల అంకెలు నేరుగా ఎత్తి వాడకు. ఆ అంకె ఏ ఏడాదిదో కూడా చూడు. అమెరికా కంపెనీలు 2003 చివరికి ఇళ్ల వాడకం కలపకు సీసీఏ పట్టించడం మానుకున్నాయి, యూరప్ 2004లో కట్టడి చేసింది. ఆ తర్వాత అక్కడి ఇళ్ల కలపలో ఎక్కువగా ఆర్సెనిక్ లేని రాగి మందులే. పాత అంకెను కొత్త కలపకు తగిలిస్తే లేని ఆర్సెనిక్ నీ లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది.

ఇక ప్లాంట్ సంగతి. సిలిండర్‌లో ఒక విడత కలప పెట్టి ప్రెషర్‌తో మందు పట్టించడాన్ని చార్జ్ అంటారు. ప్రతి చార్జ్‌కి రిజిస్టర్‌లో ఒక వరుస ఉంటుంది: కలప ఘనపరిమాణం, ట్యాంకులో ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత ఉంది, ద్రావణం ఎంత శాతం. నీకు బంగారం లాంటి కాగితం అదే. 5 ఘనపు మీటర్ల చార్జ్‌లో ట్యాంకు 1,000 లీటర్లు తగ్గితే మీటరుకు 200 లీటర్లు. లీటరుకు 40 గ్రాముల పొడి కలిపి ఉంటే మీటరుకు 8 కిలోలు. లెక్క ఇంతే. అయితే రెండో రీడింగ్ ఎప్పుడు తీశారో అడుగు. ప్రెషర్ వదిలాక కలప కొంత ద్రావణాన్ని వెనక్కి కక్కుతుంది, చివరి వాక్యూమ్‌లో ఇంకొంత బయటికి వస్తుంది, బయట పెట్టాక కాసేపు కారుతుంది. అవన్నీ ట్యాంకుకు చేరాక తీసిన రీడింగే నికరం. ద్రావణం శాతం కూడా గోడ మీద రాసిన అంకె తీసుకోకు. ఆ రోజు హైడ్రోమీటర్ (ద్రావణంలో తేలేసి చిక్కదనం చూసే గాజు గొట్టం) పెట్టి చూశారా అని అడుగు. మేనేజర్ గదిలో ఈ మాటలు తేలవు. షెడ్డులో పాత ఆపరేటర్ ఉంటాడు, 'అన్నా, ఒక చార్జ్ మొదటినుంచి చెప్పవా' అని అడుగు. ఓపిగ్గా చెబుతాడు.

లెక్క నిజంగా తిరగబడేది ఘనపరిమాణం దగ్గర. మన దగ్గర దుంగల్ని ఇప్పటికీ క్వార్టర్ గర్త్‌తో కొలుస్తారు. చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తారు. 80 సెంటీమీటర్ల చుట్టుకొలత, 8 మీటర్ల పొడవున్న జామాయిల్ స్తంభం ఈ లెక్కలో 0.32 ఘనపు మీటర్లు. అసలు ఘనపరిమాణం 0.407. కోతలో పోయే చెక్కను ముందే తీసేయడానికి వ్యాపారం పెట్టుకున్న పద్ధతి ఇది. మందుకు ఆ సంగతి తెలియదు కదా, అది మొత్తం స్తంభంలోకి పోతుంది. మీటరుకు 8 కిలోల చొప్పున 0.32ని గుణిస్తే స్తంభానికి 2.56 కిలోలు వస్తుంది, అసలు పోయింది 3.26. కాబట్టి కలప పరిమాణం ఏ కాగితం నుంచి తీసుకున్నా అది క్వార్టర్ గర్త్ లెక్కా, అసలు లెక్కా అని తేల్చుకో. క్వార్టర్ గర్త్ అయితే 1.273తో గుణించు. ఘనపుటడుగుల్లో ఉంటే 35.3తో భాగించు. మీటరుకు ఇన్ని కిలోలన్న అంకె కూడా ఏ కొలతతో కట్టిందో చూడు. రెండూ క్వార్టర్ గర్త్‌వే అయితే గుణకారం సరిగ్గానే వస్తుంది, ఒకటి అటూ ఒకటి ఇటూ అయితేనే చిక్కు.

దుంగ నడుమ ఉండే గట్టి చేవలోకి మందు సరిగా పోదు, దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కలోకే పోతుంది. అందుకే ల్యాబ్ రిపోర్టు విషయంలో జాగ్రత్త. వాళ్లు స్తంభం పైపొరలో తొలిచి తీసిన ముక్కను పరీక్ష చేస్తారు. ఆ పొరలో 10 కిలోలు చూపించిందని మొత్తం స్తంభానికి 10 వేసుకుంటే లేని మందు రాసినట్టవుతుంది. నాణ్యత చూడడానికి ల్యాబ్ అంకె, వాడకం చూడడానికి చార్జ్ రిజిస్టర్.

ఇదంతా కలప వైపు నుంచి. రెండో దారి గోడౌన్ వైపు నుంచి: ఏడాది మొదట్లో ఉన్న డ్రమ్ములు, కొన్నవి కలిపి, చివర్లో మిగిలినవి తీసెయ్. ట్యాంకులో కలిపి ఉన్న ద్రావణాన్ని మరిచిపోవద్దు, ఏడాది రెండు కొసల్లోనూ దాన్ని పొడిలోకి మార్చి కలుపు. ఈ రెండు దారులూ దగ్గర దగ్గరగా కలవాలి. గోడౌన్ లెక్క కాస్త ఎక్కువ రావడం సహజం, మడ్డి కింద, కారుడు కింద కొంత పోతుంది. బాగా ఎక్కువ వస్తే ఎక్కడో నేలలోకి ఇంకుతోందేమో చూడాలి. తక్కువ వస్తే కలపకు రాసినంత మందు పట్టించడం లేదన్న మాట. ఆ తేడాను సర్దేసి అందమైన అంకె ఇవ్వకు అమ్మలూ. ఆ తేడానే నీ రిపోర్టులో అన్నిటికన్నా పనికొచ్చే విషయం.

రబ్బరు చెట్టు చెక్కకు సీసీఏ కాదు, బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపి పట్టిస్తారు. ఒక కిలో బోరాక్స్ 0.65 కిలో బోరిక్ యాసిడ్‌కి సమానమని మార్చి, అంతా బోరిక్ యాసిడ్‌గా రాయి. ప్లైవుడ్‌లో జిగురులో కలిపే పురుగుమందు వేరే సంగతి. జిగురు ఎంత, అందులో మందు ఎంత శాతం అన్న దారినే వెళ్లాలి.

బయటినుంచి వచ్చే కలపకు కస్టమ్స్ కోడ్‌లు చూడాలి. మందు పట్టించిన దుంగలు, స్తంభాలు 2017 నుంచి 4403 11, 4403 12 కింద వస్తాయి, అంతకుముందు 4403 10. కాని ఆ గూట్లోనే రంగు వేసినవీ, క్రియోసోట్ అనే తారునూనె పట్టించినవీ ఉంటాయి కాబట్టి మొత్తానికి సీసీఏ అంకె వెయ్యకు. రైల్వే స్లీపర్లు 4406లో మందు పట్టినవీ పట్టనివీ విడివిడిగా దొరుకుతాయి. కోత కలప 4407కి ఈ విభజన లేదు, అక్కడ చెట్టు జాతిని బట్టే విడదీశారు. ఆ గూటికి దిగుమతిదారులనే అడగాలి. అడిగినా తేలకపోతే ఆ భాగాన్ని అంచనాలో వేరుగా ఉంచి, ఏ ఊహ మీద వేశావో పక్కనే రాయి.

సరుకు పంపే ప్యాలెట్లు, పెట్టెలకు పురుగు చావడానికి పట్టించే విషవాయువు లెక్క పూర్తిగా వేరు. వాటి మీద ఐఎస్‌పీఎం 15 (ప్యాకింగ్ చెక్కకు ఉన్న అంతర్జాతీయ నియమం) ముద్రలో హెచ్‌టీ అని ఉంటే వేడి చేసింది, చెక్క నడిబొడ్డు 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉండాలి, మందు సున్నా. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్. 21 డిగ్రీలు, ఆ పైన ఘనపు మీటరుకు 48 గ్రాములు, 24 గంటలు. ఆ ఘనపు మీటరు చెక్కది అనుకునేవు, టెంట్ లేదా కంటైనర్‌ది. 20 అడుగుల కంటైనర్ సుమారు 33 ఘనపు మీటర్లు, లోపల పది ప్యాలెట్లున్నా నిండా ఉన్నా గ్యాస్ 1.6 కిలోలు. అందుకని కంటైనర్లను లెక్కపెట్టు. ఈ గ్యాస్‌లో చాలావరకు గాలిలోకే పోతుంది, సీసీఏ చెక్కలోనే ఉండిపోతుంది. వీటిని ఒకే మొత్తంగా కూడితే ఆ అంకెకు అర్థమే ఉండదు. మీ పైవాళ్లు ఒక్క అంకె కావాలని పట్టుబట్టినా మందు వారీగా విడి వరుసలు తప్పకుండా ఇవ్వు.

ప్రతి వరుసకీ తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు అంకెలు రాయి. స్తంభాలు 150 నుంచి 250 లీటర్ల దాకా పీలుస్తున్నాయని రిజిస్టర్లలో కనిపిస్తే 6 నుంచి 10 కిలోలని రాయడమే నిజాయితీ. ద్రావణం లీటరు ఎన్ని కిలోలు తూగుతుందన్న దానికోసం రోజులు తినేయకు, దాని తేడా చాలా చిన్నది. ఆ సమయం ఘనపరిమాణం తేల్చడానికి పెట్టు.

తయారైన ఏడాదినీ తప్పకుండా రాసి పెట్టు. సీసీఏ స్తంభం దశాబ్దాలు నిలబడుతుంది, తర్వాత ఏ పాకకో దూలమవుతుంది, ఆఖరికి పొయ్యిలోకి పోతుంది. కాలిస్తే ఆర్సెనిక్ పొగలోకీ బూడిదలోకీ వస్తుంది, ఆ బూడిదను పెరట్లో మొక్కలకు చల్లేవాళ్లున్నారు. ఎంత ఆర్సెనిక్ ఏ ఏడాది బయటికి వెళ్లిందో నీ పట్టికలో ఉంటేనే, రేపు ఎంత పాత కలప జాగ్రత్తగా దించాలో ఎవరైనా చెప్పగలరు. ఈ పని నీకు దొరికినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

ప్లాంట్‌కి వెళ్లే రోజు నిండు బూట్లు వేసుకో, తడి కలపను ఉత్త చేత్తో ముట్టుకోకు, ఆ షెడ్డులో టీ కూడా తాగొద్దు. మొదటి ప్లాంట్ రిజిస్టర్ ఫొటోలు తీశాక నాకు పంపు, రీడింగులు ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న