పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎన్నాళ్లు?

రక్షణ వ్యూహాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఉక్రెయిన్ యుద్ధం గురించే. అడిగిన తీరు వేరైనా, చాలామంది సందేహం ఒకచోటికే వస్తోంది: ఇన్ని గొప్ప ఆయుధాలు ఉండి కూడా యుద్ధం ఎందుకు తెమలడం లేదు? కొత్త ఆయుధం పేరు కంటే, ఖర్చయిపోయినదాన్ని నెలకు ఎన్ని చొప్పున భర్తీ చేసుకోగలరన్న లెక్కే ఇందులో పెద్దదని మా అభిప్రాయం. జవాబులు ఆ దృష్టితోనే చదవండి.

ప్రశ్న: రష్యా ప్రయోగించే షాహెద్ డ్రోన్ ధర 20 వేల నుంచి 50 వేల డాలర్లు అంటున్నారు. దాన్ని కూల్చే పేట్రియాట్ క్షిపణి ఒక్కొక్కటి దాదాపు 40 లక్షల డాలర్లు. ఇలా పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేస్తూ పోతే, కాచుకునేవాళ్లే ముందు చితికిపోరా?

జవాబు: ప్రతి డ్రోన్ మీదా అదే క్షిపణి వేస్తే తప్పకుండా చితికిపోతారు. అయితే ధర పక్కన ధర పెట్టి చూస్తే సగం లెక్కే తేలుతుంది. ఆ డ్రోన్ ఒక సబ్‌స్టేషన్‌లోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మీద పడిందనుకోండి. అలాంటిది కొత్తగా చేయించి తెప్పించడానికి ఏడాదికి పైనే పడుతుంది. దాన్ని కాపాడుకోవడానికి 40 లక్షల డాలర్లు పోయినా దండగేం కాదు. డబ్బు కంటే పెద్ద చిక్కు సంఖ్య. పేట్రియాట్‌లో వాడే పీఏసీ-3 ఎంఎస్ఈ క్షిపణులు ఏడాదికి వందల్లోనే తయారవుతున్నాయి, అవీ కొనే దేశాలన్నిటికీ కలిపి. ఉక్రెయిన్ వైమానిక దళం లెక్క ప్రకారం 2025 జులైలో ఒక్క రాత్రే 728 డ్రోన్లు వచ్చిపడ్డాయి. వాటిలో ఉత్తుత్తివీ ఉంటాయి. చౌక పదార్థాలతో చేసిన ఆ డొల్ల డ్రోన్ల పనల్లా కాచుకునేవాడి చేత మందుగుండు ఖర్చు పెట్టించడమే.

కాబట్టి రక్షణను అంచెలుగా పేర్చుకోవాలి. మొదటి అంచె కనిపెట్టడం. షాహెద్ వేగం గంటకు 180 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే నిమిషానికి 3 కిలోమీటర్లు. అది 50 మీటర్ల ఎత్తున వస్తుంటే, 10 మీటర్ల ఎత్తున ఉన్న రాడార్‌కు భూమి వంపు వల్ల దాదాపు 42 కిలోమీటర్ల దూరంలోకి వచ్చాకే కనబడుతుంది. చేతిలో మిగిలేది 14 నిమిషాలు. మధ్యలో గుట్టలు, చెట్లు ఉంటే అదీ ఉండదు. అందుకే ఉక్రెయిన్ వేల సంఖ్యలో మైకులను స్తంభాలకు బిగించింది. షాహెద్‌కు ఉన్నది పిస్టన్ ఇంజన్, మోపెడ్‌లా బిగ్గరగా రొద పెడుతుంది. ఏ మైకు ఎప్పుడు ఆ రొద విన్నదో కలిపి చూస్తే డ్రోన్ దారి తెలిసిపోతుంది.

రెండో అంచె చౌకగా కూల్చడం. పికప్ బండి మీద భారీ మెషిన్‌గన్, థర్మల్ కెమెరా పెట్టుకుని తిరిగే బృందాలు చాలాకాలం బాగా పనిచేశాయి. 2025లో రష్యా తన డ్రోన్లను 2 కిలోమీటర్లు, అంతకన్నా ఎత్తున పంపడం మొదలుపెట్టడంతో ఆ తూటాలు అందకుండా పోయాయి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎత్తు పెరిగితే దాక్కునే వీలు పోతుంది. 2 వేల మీటర్ల ఎత్తున వచ్చేదానికి, మనం చెప్పుకున్న రాడార్ నుంచి 200 కిలోమీటర్ల దాకా భూమి వంపు చాటు దొరకదు. అంత దూరాన అంత చిన్న వస్తువును పట్టే శక్తి రాడార్‌కు ఉందా అన్నది వేరే విషయం అనుకోండి. అలా ముందుగా కనబడినదాన్ని వెంటాడటానికి ఇప్పుడు డ్రోన్‌ను డ్రోన్‌తోనే కొడుతున్నారు. కొన్ని వేల డాలర్లలో అయిపోయే ఈ వేట డ్రోన్‌కు బ్యాటరీ నిమిషాల్లోనే అయిపోతుంది. రాడార్ దగ్గర కూర్చున్న మనిషి లక్ష్యం ఎత్తు, దిశ సరిగ్గా అందించకపోతే అది ఆకాశంలో వెతుక్కుంటూనే చార్జి పోగొట్టుకుంటుంది. జెట్ ఇంజన్ పెట్టిన కొత్త రకం షాహెద్ వస్తే వేట డ్రోన్ వేగమూ చాలదు. ఆ పైఅంచెలో తుపాకీ ఫిరంగులు, యుద్ధవిమానాల నుంచి వేసే లేజర్ దారి చూపే చిన్న రాకెట్లు ఉంటాయి. పేట్రియాట్‌ను బాలిస్టిక్ క్షిపణుల కోసం దాచుకోవాలి. వాటిని ఆపగల సాధనాలు చాలా కొద్ది.

ప్రశ్న: చిన్న డ్రోన్లను జామర్లతో ఆపేయవచ్చు కదా? మళ్లీ వాటికి తీగ కట్టి పంపుతున్నారని చదివాను. నిజమేనా?

జవాబు: నిజమే. రేడియోతో నడిచే డ్రోన్‌కు రెండు బలహీనతలు: నడిపేవాడి నుంచి వచ్చే ఆదేశం, వాడికి తిరిగి వెళ్లే వీడియో. ఆ తరంగాల పౌనఃపున్యంలో గట్టిగా హోరు పెడితే లంకె తెగుతుంది. అవతలివాడు పౌనఃపున్యం మారుస్తాడు, ఇవతలివాడు కొత్త జామర్ తెస్తాడు. ఈ పరుగుపందెంలో జామర్ వారాల్లోనే పాతబడిపోతుంది. దీనికి విరుగుడుగా వచ్చిందే ఆప్టికల్ ఫైబర్ డ్రోన్. వెంట్రుకలా సన్నని గాజు తీగ కండెకు చుట్టి ఉంటుంది. డ్రోన్ ముందుకు పోతున్నకొద్దీ కండె నుంచి తీగ విడిపోతూ వెనకే నేలమీద పడుతుంది. దాన్ని లాక్కుపోదు కాబట్టి తెగిపోయే భయం తక్కువ. సందేశాలు గాజులోంచి పోతాయి గనుక జామర్ ఎంత హోరు పెట్టినా దానికి పట్టదు.

అయితే 10, 20 కిలోమీటర్ల తీగ కండె బరువును డ్రోనే మోయాలి. ఆ మేరకు పేలుడు పదార్థం తగ్గుతుంది. చటుక్కున మలుపు తిరిగితే తీగ చెట్టుకొమ్మకు చిక్కుతుంది, లేదా తన రెక్కలకే చుట్టుకుంటుంది. ఎదుర్కొనేవాళ్ల దగ్గర ప్రస్తుతం ఉన్న ఉపాయాలు మొరటువే: రోడ్ల పొడుగునా గుంజలు పాతి చేపల వలలు పందిరిలా కట్టడం, షాట్‌గన్‌తో కాల్చడం, నడిపేవాడి స్థావరాన్ని వెతికి కొట్టడం. యుద్ధరంగంలోని పొలాల్లో ఉదయపు ఎండకు సాలెగూళ్లలా మెరిసేది ఈ వాడేసిన తీగే.

ప్రశ్న: ఫిరంగి గుండు వందేళ్ల నాటి సాంకేతికతే కదా! అమెరికా, యూరప్ లాంటి సంపన్న దేశాలకు కూడా సరిపడినన్ని చేయడం ఎందుకు చేతకావడం లేదు?

జవాబు: 155 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండు చూడటానికి ఉక్కు సీసాలా ఉంటుంది. బరువు సుమారు 45 కిలోలు, అందులో పేలుడు పదార్థం రకాన్ని బట్టి 7 నుంచి 11 కిలోలు. పాత సాంకేతికత అన్నమాట నిజమే. తేలిక మాత్రం కాదు. ఉక్కు దిమ్మెను ఎర్రగా కాల్చి, ప్రెస్‌లో పెట్టి నడిమికి పొడిచి సీసాలా సాగదీస్తారు. మూతి నొక్కి సన్నం చేస్తారు. మళ్లీ వేడి చేసి, చల్లార్చి గట్టిపరుస్తారు. లేత్‌పై నున్నగా తోలి, నడుముకు కిందుగా రాగి పట్టీ తొడుగుతారు. ఫిరంగి గొట్టం లోపలి మెలిక గాడుల్లో ఆ పట్టీ బిగుసుకునే గుండు గిర్రున తిరుగుతూ పోతుంది.

అసలు జాగ్రత్త నింపే దగ్గర కావాలి. టీఎన్‌టీ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి ఆవిరితో కరిగించి పోస్తారు. గట్టిపడేటప్పుడు అది కుంచించుకుపోతుంది. అందుకని మూతి మీద గరాటా పెట్టి అందులో కరిగిన పదార్థం అదనంగా ఉంచుతారు. అడుగు నుంచి పైకి మెల్లగా గట్టిపడేలా చల్లార్చితే లోపల ఏర్పడే ఖాళీలను పైది నింపుతుంది. తొందరపడి చల్లార్చితే లోపల డొల్ల ఏర్పడుతుంది. పేల్చిన క్షణంలో గుండు మీద గురుత్వాకర్షణకు వేల రెట్ల బలం పడుతుంది. అలా డొల్ల ఉంటే పదార్థం అక్కడికి కుంగి, గుండు గొట్టంలోనే పేలి సొంత సిబ్బందినే చంపవచ్చు. ఎక్స్‌రే తీసి చూసేది ఇందుకే. ఈ చల్లారే సమయాన్ని ఏ ప్రభుత్వ ఉత్తర్వూ తగ్గించలేదు.

ఇక ముడిసరుకు. అమెరికా తన గడ్డమీద టీఎన్‌టీ తయారీని 1986లో ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టడానికి కెంటకీలో కర్మాగారం కట్టేందుకు 2024 నవంబరులో కాంట్రాక్టు ఇచ్చింది. గుండును తోసే మందులో ముఖ్యమైన నైట్రోసెల్యులోజు పత్తిగింజల మీది పొట్టి నూగు నుంచి వస్తుంది, ఆ నూగు కోసం యూరప్ ఎక్కువగా చైనా మీద ఆధారపడింది. యుద్ధానికి ముందు అమెరికా నెలకు చేసినవి 14 వేల గుళ్లు, పెట్టుకున్న లక్ష్యం నెలకు లక్ష. యూరోపియన్ యూనియన్ 2023 మార్చిలో, ఏడాదిలో 10 లక్షల గుళ్లు ఇస్తామని మాటిచ్చింది. గడువుకు సగమే చేరతాయని 2024 జనవరి చివరికి తానే ఒప్పుకుంది. యుద్ధకాలే శస్త్రాభ్యాసం అంటే ఇదే. పదేళ్ల ఆర్డరు చేతికిస్తే తప్ప ఏ కంపెనీ కొత్త ప్రెస్ కొనదు, యుద్ధం ఆగిన మర్నాడు ఆ ప్రెస్ ఖాళీగా పడి ఉంటుందని వాళ్ల భయం. వాళ్లను తప్పుపట్టలేం. శాంతికాలంలో ఏటా కొద్దికొద్దిగా కొంటూ ఉత్పత్తి వరుసను వెచ్చగా ఉంచని ప్రభుత్వాలదే తప్పని మేం గట్టిగా నమ్ముతున్నాం.

గుళ్లు వచ్చినా గొట్టం అరుగుతుందన్నది చాలామంది మరిచిపోయే విషయం. ఫిరంగి గొట్టం మామూలుగా 1,500 నుంచి 2,500 గుళ్ల దాకా ఓర్చుకుంటుంది. ఆ తర్వాత గురి చెదురుతుంది, గొట్టం మార్చాలి. గొట్టాలు చేసే ఫ్యాక్టరీలు గుళ్ల ఫ్యాక్టరీల కన్నా తక్కువ.

ప్రశ్న: హైపర్‌సోనిక్ క్షిపణిని ఎవరూ ఆపలేరంటారు. అంతేనా?

జవాబు: కాదు. హైపర్‌సోనిక్ అంటే ధ్వనికి 5 రెట్లు, అంతకు మించిన వేగం. ఆ వేగం కొత్తేమీ కాదు, దూరశ్రేణి బాలిస్టిక్ క్షిపణులు ఎప్పటినుంచో అంతకన్నా వేగంగానే పడుతున్నాయి. కొత్తదనమల్లా తక్కువ ఎత్తున జారుతూ దారి మార్చుకోగల గ్లైడర్లలో ఉంది. అవి ఎక్కడ పడతాయో ముందే లెక్కగట్టడం కష్టం. రష్యా గొప్పగా చెప్పుకున్న కింజాల్ అనే హైపర్‌సోనిక్ క్షిపణిని 2023 మేలో పేట్రియాట్ కూల్చిందని ఉక్రెయిన్ ప్రకటించింది, అమెరికా ధ్రువీకరించింది.

ప్రశ్న: బాల్టిక్ సముద్రంలో కేబుళ్లు తెగుతున్నాయి. ఎవరు తెంచారో తెలిసినా శిక్ష ఎందుకు పడదు?

జవాబు: 2024 డిసెంబరు 25న ఫిన్లాండ్, ఎస్తోనియాల మధ్య ఎస్ట్‌లింక్-2 విద్యుత్ కేబుల్ తెగింది. ఈగిల్ ఎస్ అనే ట్యాంకరు లంగరును సముద్రం అడుగున ఈడ్చుకుపోవడమే కారణమని ఫిన్లాండ్ అధికారులు ఓడను పట్టుకున్నారు. నౌక రిజిస్ట్రేషన్ కుక్ ఐలాండ్స్‌ది. కేబుల్ తెగిన చోటు ఫిన్లాండ్ ప్రాదేశిక జలాలకు వెలుపల ఉంది. అలాంటి చోట నేరవిచారణ హక్కు ప్రధానంగా ఓడ ఏ దేశపు జెండా మోస్తోందో ఆ దేశానిదే. 2025 అక్టోబరులో హెల్సింకీ కోర్టు తనకు విచారణాధికారం లేదని కేసు కొట్టేసింది. పైగా ఏటా ప్రపంచంలో కేబుళ్లకు 150 నుంచి 200 దెబ్బలు తగులుతుంటాయి, అత్యధికం చేపల వలలు, లంగర్ల వల్లే. కావాలని చేశాడని రుజువు చేయడం మహాకష్టం.

సమాచార కేబుల్ మరమ్మతుకు ముందు తీరంలోని కేంద్రం నుంచి కాంతిని పంపుతారు. అది తెగినచోట తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది. నౌక వెళ్లి కొక్కేలతో ఒక కొస పైకి లాగి, బోయాకు కట్టి, రెండో కొస వెతుకుతుంది. రెండు కొసలూ నేరుగా అందవు, లోతుకు సరిపడా కొత్త ముక్క మధ్యలో అతకాలి. విడి కేబుల్ ఓడలో ఉండి, వాతావరణం అనుకూలిస్తే రోజుల్లో అవుతుంది. విద్యుత్ కేబుల్ అలా కాదు: ఎస్ట్‌లింక్-2 తిరిగి పనిచేసింది 2025 జూన్‌లో. కాబట్టి కాపలా నౌకలతో పాటు మరమ్మతు నౌకలనూ, విడి కేబుల్ నిల్వనూ రక్షణ ఖర్చు కిందే లెక్కవేయాలి.

ప్రశ్న: అమెరికా, రష్యాల అణ్వాయుధాలకు పరిమితి పెట్టిన న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో తీరిపోయింది. ఉపగ్రహాలు ఉండగా తనిఖీలు లేకపోతే నష్టమేంటి?

జవాబు: ఉపగ్రహం భూగర్భ గుంటలను, జలాంతర్గాములను, బాంబర్లను లెక్కపెట్టగలదు. క్షిపణి ముక్కు కింద ఎన్ని వార్‌హెడ్లు, అంటే పేలే అణుబాంబులు, ఉన్నాయో చూడలేదు. ఆ ఒప్పందం అమెరికా, రష్యాలకు మోహరించిన వార్‌హెడ్లు 1,550, వాటిని మోసే క్షిపణులు, బాంబర్లు 700 అని పరిమితి పెట్టింది. ఒక్కో పక్షం ఏడాదికి 18 తనిఖీలు చేయవచ్చు. స్థావరానికి వెళ్లిన తనిఖీదారులు తమకు నచ్చిన క్షిపణిని ఎంచుకుంటారు. ముక్కు తొడుగు తీసి, లోపలి వస్తువుల మీద గుడ్డల్లాంటి ముసుగులు కప్పి చూపిస్తారు. ఆకారం రహస్యం, సంఖ్య మాత్రం బహిరంగం. చెప్పిన సంఖ్యతో ముసుగులు సరిపోవాలి. ఇలాంటి తనిఖీలు మొత్తం 328 జరిగాయి. 2020 మార్చిలో కోవిడ్‌తో ఆగినవి మళ్లీ మొదలవలేదు, 2023 ఫిబ్రవరిలో రష్యా తన భాగస్వామ్యాన్నే నిలిపేసింది. లెక్క తెలియనప్పుడు సైనిక ప్రణాళికలు వేసేవాళ్లు అవతలివాడి దగ్గర గరిష్ఠంగా ఎన్ని పట్టవచ్చో అన్నీ ఉన్నాయనే అనుకుంటారు. ఆయుధ పోటీ పుట్టేది ఆ అనుమానంలోంచే. మా ఆందోళన కూడా అదే.

ప్రశ్న: '90 శాతం కూల్చేశాం' అనే ప్రకటనలను మాలాంటివాళ్లు ఎలా చదవాలి?

జవాబు: ముందు శాతాన్ని పక్కనపెట్టి, తప్పించుకున్నవి ఎన్నో చూడండి. 100 వస్తే 80 శాతం కూల్చినా లోపలికి చేరేవి 20. 700 వస్తే 90 శాతం కూల్చినా చేరేవి 70. శాతం మెరుగైంది, దెబ్బ మూడున్నర రెట్లయింది. తర్వాత మొత్తంలో ఉత్తుత్తి డ్రోన్లను కలిపారా, జామింగ్ వల్ల దారితప్పి పోయినవాటిని 'కూల్చిన' ఖాతాలో వేశారా అని చూడండి. డ్రోన్ల శాతంలో బాలిస్టిక్ క్షిపణులను కలిపేస్తే మరీ మోసం. ఎక్కువగా తప్పించుకునేవి అవే, ఒక్కొక్కటి మోసుకొచ్చే పేలుడు పదార్థమూ షాహెద్‌లో ఉండే 50 కిలోలకు ఎన్నో రెట్లు.