స్కోరు పక్కన టైము రాయి

విజయనగరం

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్ళ పరిస్థితి ఎటు తిరుగుతుందో డాక్టర్లు ఎలా అంచనా కడతారన్నది రాయాల్సిన విషయమే. రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే పక్కన బతికే మనవాళ్ళకి మరీ కావాలి. కానీ "జీసీఎస్ 8 కాబట్టి ఇక ఆశ లేదు" అని రాశావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్యి.

జీసీఎస్ అంటే గ్లాస్గో కోమా స్కేల్, మనిషికి స్పృహ ఎంత ఉందో చెప్పే కొలత. దీన్ని 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే డాక్టర్లు తయారుచేశారు. కళ్ళు తెరవడానికి గరిష్ఠంగా 4, మాటకి 5, కదలికకి 6, మూడూ కలిపితే మొత్తం. అన్నిటికన్నా తక్కువ 3, సున్నా రాదు. 8కి దిగితే తలకి తీవ్రమైన దెబ్బ అని లెక్కేసి, ఊపిరి ఆగకుండా గొంతులో గొట్టం వెయ్యాలా అని చూస్తారు. ఆ అంకె చూసి పని మొదలెడతారే గాని చేతులెత్తెయ్యరు. మొత్తం ఒక్కటే రాయొద్దు, మూడూ విడివిడిగా రాయి. తలదెబ్బలో కదలిక అంకే ఎక్కువ చెబుతుంది. కనుబొమ్మ గట్టు మీద నొక్కితే చెయ్యి మెడ దాటి అక్కడిదాకా వచ్చిందా, 5. మోచెయ్యి ముడిచి వెనక్కి లాక్కుంటే 4.

మాట దగ్గర మన జిల్లాల్లో ఒక చిక్కుంది. "ఏటయింది, నానెక్కడున్నాను" అని అడిగిందే అడుగుతుంటే 4 వేస్తారు, అది సరే. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడే మనిషి, మెళియాపుట్టి కొండల్లో సవర మాట్లాడే మనిషి సరిగ్గా జవాబు చెప్పినా, అడిగినవాళ్ళకి ఆ భాష రాకపోతే అదే 4 పడుతుంది. ఇంటివాళ్ళని పక్కన నిలబెట్టి అడగాలి. ఈ సంగతి నీ వ్యాసంలో తప్పక ఉండాలి, బయటివాళ్ళు రాయలేరు. తాగి ఉన్నవాళ్ళ సంగతీ చెప్పు. అంకె తగ్గడాన్ని మందు మీదకి తోసేస్తే లోపల గడ్డకడుతున్న రక్తం కనిపించకుండా పోతుంది.

ఇక ఒక లెక్క చేసి చూపించు. పాతికేళ్ళ కుర్రాడు బైకు మీంచి పడ్డాడనుకో. బీపీ పై అంకె 108, నాడి 124, ఊపిరి నిమిషానికి 28, జీసీఎస్ 14. రివైజ్డ్ ట్రామా స్కోరులో క్యాజువాల్టీ దగ్గర వేసే లెక్క ప్రకారం బీపీ, ఊపిరి, జీసీఎస్ మూడింటికీ నాలుగేసి, పన్నెండుకి పన్నెండూ వస్తాయి, అంటే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అదే నాడిని బీపీతో భాగించు, 1.15. ఇది షాక్ ఇండెక్స్. బాగున్న మనిషికి 0.5 నుంచి 0.7 మధ్య ఉంటుంది, 0.9 దాటితే లోపల ఎక్కడో రక్తం పోతోందని అనుమానించాలి. డెబ్బై కిలోల మనిషిలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో లీటరున్నర దాకా పోయినా నాళాలు బిగుసుకుని, గుండె జోరు పెంచి బీపీని నిలబెడతాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి పడిపోతుంది. "బీపీ బాగానే ఉంది, వైజాగ్ తీసుకెళ్ళండి" అని శ్రీకాకుళంలో అంటే, వంద కిలోమీటర్ల దారిలో ఎక్కడైనా పడిపోవచ్చు. అందుకే ప్రతి అంకె పక్కనా టైము రాయమంటున్నాను. ఒక్క కొలత కన్నా, పావుగంట తేడాతో తీసిన రెండు కొలతలు ఎక్కువ చెబుతాయి.

ముసలివాళ్ళకి ఈ సూత్రం అలాగే పట్టదు. గుండె వేగం తగ్గించే బీపీ మాత్ర అటెనొలాల్ వేసుకునేవాళ్ళ నాడి రక్తం పోతున్నా పరుగెత్తదు. రోజూ 160 ఉండే బీపీ 110కి దిగిందంటే అది తక్కువే. ఉద్దానం కిడ్నీ రోగుల రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) ముందునుంచే ఎక్కువ. దాన్ని లెక్కలోకి తీసుకునే ఐసీయూ స్కోర్లు పాత జబ్బుని కొత్త దెబ్బగా చూపించే ప్రమాదముంది.

ఇంజరీ సివియారిటీ స్కోరు గురించి రెండు వాక్యాలు చాలు. ఎక్కువ దెబ్బతిన్న మూడు శరీర భాగాలకి దెబ్బ తీవ్రతని బట్టి వేసే అంకెల వర్గాలు (ఒక్కో అంకెని దానితోనే గుణిస్తే వచ్చేవి) కూడితే వస్తుంది, గరిష్ఠం 75. స్కానో ఆపరేషనో అయ్యాకే సరిగ్గా తేలుతుంది కాబట్టి గుమ్మంలో అక్కరకి రాదు. పైగా రెండు తొడ ఎముకలూ విరిగినా ఒకే భాగం కింద ఒక్కసారే లెక్కకొస్తుంది.

ఊపిరి అంకెని మాత్రం ఊరికే నమ్మకు. కేసుషీట్లన్నిటిలో 20 కనిపిస్తే ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. నిమిషం పాటు ఛాతీ చూస్తూ లెక్కపెట్టాలి. ఆ అంకె తప్పైతే దాని మీద కట్టిన ఏ స్కోరూ, ఏ కంప్యూటరు అంచనా నిలవదు. "బతికే అవకాశం 60 శాతం" అని వస్తే, అలాంటి వందమందిలో అరవై మంది అని విడమర్చి రాయి. ఎదురుగా ఉన్న మనిషి ఆ అరవైలో ఉన్నారో నలభైలో ఉన్నారో లెక్క చెప్పదు. బయట బెంచీ మీద కూర్చున్న తల్లి కూడా నీ వ్యాసం చదువుతుందని గుర్తుపెట్టుకో.

చివర పాఠకులకి పనికొచ్చేవి చేర్చు. దెబ్బ తగిలిన టైము, రోజూ వేసుకునే మాత్రలు, ముఖ్యంగా రక్తం పలచబరిచేవి, మధ్యలో క్షణమైనా స్పృహ తప్పిందా అన్నదీ కాగితం మీద రాసి 108 వాళ్ళ చేతికివ్వమను. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ దెబ్బ తగిలిన మూడు గంటల్లోపే ఇవ్వాలి. ఎప్పుడు తగిలిందో తెలియకపోతే ఆ మూడు గంటలు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలో డాక్టరుకి తెలియదు.

తిరగరాసి పంపు.

ఇట్లు,
మీ అన్న