సంసారి అంటే ఇల్లాలేనా?

సందేహం: వీరేశలింగంగారి ‘రాజశేఖర చరిత్రము’ మీద వ్యాసం రాసి ‘ఒక సంసారి ప్రయాణం’ అని పేరు పెట్టాను. సంసారి అంటే ఇల్లాలు, మగవాడికి చెల్లదంటున్నాడు మా మిత్రుడు. నిజమేనా?

సమాధానం: ‘ఆమె సంసారి’ అని మర్యాదగల ఇల్లాలిని అనడం మన వాడుకే. అయినా సంస్కృతంలో సంసారి మగవాడే, ఆడవారైతే సంసారిణి. దక్షిణ తమిళనాడు నల్లరేగడి పల్లెల్లో సంసారి అంటే రైతు కూడా.

అసలు ముచ్చట ఆ మాట పుట్టుకలో ఉంది. దాని ధాతువు ‘సృ’ అంటే కదలడం, సాగడం. దారికి సరణి అని, ఏటికి సరిత్తు అని పేర్లు దాన్నుంచే వచ్చాయి. ప్రియుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరిన అభిసారికా ఆ ఇంటి ఆడపడుచే. (సర్పాన్ని ఇందులో కలపకండి, దాని ధాతువు ‘సృప్’.) అంటే సంసారం అన్న మాటలోనే నడక ఉంది. ధూర్జటి చూడండి: ‘కాంతల్ పుత్రులు నర్థముల్ తనువు నిక్కంబంచు మోహార్ణవభ్రాంతిం జెంది చరించు’ అన్నాడు. ఆలుబిడ్డలే నిజమనుకున్నవాడు ఆయన కంటికి ఒకచోట కూర్చున్నవాడు కాడు, తిరుగుతున్నవాడు. ఆ ‘చరించు’ దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో! మన ఇళ్లలో క్రియలూ అలాంటివే: సంసారం ఈదుతాం, ఈడుస్తాం, నెట్టుకొస్తాం. ధూర్జటి భ్రాంతి అన్నదాన్ని మన జనం బాధ్యతగా మోశారు.

ఇంత చక్కని మాట చేతిలో ఉండగా ఇప్పటి సమీక్షకులు ‘భర్తగా అతని జర్నీ, తండ్రిగా అతని జర్నీ’ అని రాస్తుంటే మనసు చివుక్కుమంటుంది. ఊరు కదలనివాడికి కూడా జర్నీయేనా?

మీ రాజశేఖరుడి సంగతి వేరు. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో మొదలై 1880లో పుస్తకంగా వచ్చిన ఆ నవలలో అతను బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి చేతిలోది పోగొట్టుకుంటాడు. తర్వాత భార్య మాణిక్యాంబనూ పిల్లలనూ వెంటబెట్టుకుని ధవళేశ్వరం వదిలి నిజంగానే దారి పడతాడు. కాబట్టి మీ శీర్షికలో సంసారి సరైన మాటే. ‘ప్రయాణం’ కొంత పునరుక్తి, తప్పని మాత్రం అనను. బయలుదేరింది కాశీకి గనక నేనైతే ‘ఒక సంసారి యాత్ర’ అనేవాణ్ణేమో.