ఉగాది వేడుకకు ఫైర్ మార్షల్ అనుమతి ఎందుకు?

ఉగాది వేడుకకు హాలు మాట్లాడుకుంటే, ముందుగా నగర ఫైర్ మార్షల్ ఆఫీసును సంప్రదించమని యజమాని చెప్పారనీ, అగ్నిమాపక కేంద్రం ఉండగా మళ్లీ ఈ ఆఫీసు దేనికనీ టెక్సస్‌కు కొత్తగా వచ్చిన మిత్రులు అడుగుతున్నారు.

నిప్పు అంటుకున్నాక వచ్చి ఆర్పేవారు ఫైర్ ఇంజిన్ల సిబ్బంది. అంటుకోకముందే భవనాల ప్లాన్లను పరిశీలించడం, దుకాణాలనూ బడులనూ గుళ్లనూ అపార్ట్‌మెంట్లనూ తనిఖీ చేయడం, ప్రమాదం జరిగితే దాని కారణాన్ని తేల్చడం ఫైర్ మార్షల్ కార్యాలయం పని. చాలా నగరాల్లో రెండూ ఒకే శాఖ కింద ఉంటాయి. మన రాష్ట్రాల్లో అగ్నిమాపక శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ గురించి విన్నవారికి ఇది పూర్తిగా కొత్త సంగతి కాదు. అయితే ఇక్కడి పరిశీలన మీరు వేసే కుర్చీల వరుసల దాకా వస్తుంది.

అమెరికాలో అనేక నగరాలు అంతర్జాతీయ అగ్నిరక్షణ నియమావళిని కొద్దిపాటి స్థానిక మార్పులతో పాటిస్తాయి. దాని ప్రకారం కుర్చీలు మాత్రమే వేస్తే మనిషికి 7 చదరపు అడుగులు, బల్లలు కూడా వేస్తే 15 చదరపు అడుగులు లెక్కగడతారు. అంటే 3,000 చదరపు అడుగుల ఖాళీ స్థలంలో సాంస్కృతిక కార్యక్రమానికి 428 మంది కూర్చోవచ్చు గానీ, అదే చోట భోజనాల బల్లలు వేస్తే 200 మందికే అనుమతి. ఈ తేడా తెలియకుండా టిక్కెట్లు అమ్మేయడం మన సంఘాల్లో తరచుగా కనిపించే పొరపాటు. జనం 500 మించితే కనీసం మూడు, 1,000 మించితే నాలుగు ద్వారాలు ఉండాలి. వాటిలో దేనికీ తాళం గానీ, అడ్డంగా వంటపాత్రలు గానీ ఉండకూడదు. పరిమితి దాటితే కార్యక్రమాన్ని అక్కడికక్కడే ఆపించే అధికారం ఫైర్ మార్షల్‌కు ఉంది.

ఇంత పట్టుదల వెనుక ఎన్నో ప్రాణాలున్నాయి. 2003 ఫిబ్రవరి 20న రోడ్ ఐలండ్‌లోని వెస్ట్ వార్విక్‌లో ఒక నైట్‌క్లబ్ వేదికపై వెలిగించిన బాణసంచా గోడల ఫోమ్‌కు అంటుకొని 100 మంది మరణించారు; వేరే దారులున్నా ఎక్కువమంది తాము వచ్చిన ముందు ద్వారం వైపే పరుగెత్తి అక్కడే చిక్కుకుపోయారు. కార్యక్రమం మొదలవ్వకముందే నిష్క్రమణ దారులను వేదికపై నుంచి ప్రకటించమని నేను ప్రతి సంఘాన్నీ కోరుతుంటాను.

హోమం, దీపారాధన ఉంటే ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి. నడవల్లోనూ, జనం నిలబడే చోటా దీపాలు పెట్టనివ్వరు. 400 చదరపు అడుగులు దాటిన టెంటుకు సాధారణంగా విడిగా పర్మిట్ కావాలి. డాలస్ వంటి నగరాల పరిధిలో సొంతంగా టపాసులు కాల్చడం నిషిద్ధం కనుక, దీపావళికి ఆ ఆలోచన పెట్టుకోవద్దు.

ఈ కార్యాలయం నిర్వాహకుల కోసమే కాదు. స్ప్రింక్లర్లు (మంట వస్తే వాటంతటవే నీళ్లు చల్లే పరికరాలు) లేని అపార్ట్‌మెంటు చెక్క బాల్కనీలో బొగ్గుల గ్రిల్ వెలిగించకూడదని చెప్పేదీ, మెట్ల దారి తలుపుకు తాళం వేశారని మీరు ఫిర్యాదు చేస్తే వచ్చి తనిఖీ చేసేదీ వీరే. అద్దెకుండే విద్యార్థులు కూడా నిస్సంకోచంగా నగరపాలక సంస్థ సాధారణ నంబరుకు ఫోన్ చేసి చెప్పవచ్చు. పొగ గానీ మంట గానీ కనిపిస్తే మాత్రం నేరుగా 911కే చేయాలి.