ప్లీడరు గారి జీవితం రాస్తున్న అమ్మాయికి

దర్గామిట్ట, నెల్లూరు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన చిత్తుప్రతి చదివాను. కావలి కోర్టులో నలభై ఏళ్లు ప్లీడరీ చేసిన తాతగారి మీద మనవరాలు పుస్తకం రాయబూనిందంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. అందుకే మొహమాటం పక్కనపెట్టి రాస్తున్నాను.

మొదటి పేజీలోనే ఆయన్ని టంగుటూరి ప్రకాశం పంతులు గారి పక్కన నిలబెట్టావు. మన వైపు లాయర్ల గురించి రాసేవాళ్లకు ఆ కోరిక పుట్టడం సహజం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే 1972లో దానికి ఆయన పేరే పెట్టుకున్నాం. తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి చదివిస్తే బారిస్టరై, మద్రాసులో సంపాదించిందంతా ఉద్యమానికి ధారపోసిన మనిషి ఆయన. మీ తాతగారి జీవితం అట్లాంటిది కాదు. ఆయన ఊరు వదల్లేదు, ప్రాక్టీసూ వదల్లేదు. సాయంత్రం నల్లకోటు చేతిమీద వేసుకుని అదే వీధిలోంచి ఇంటికి వచ్చారు. పంతులు గారి పక్కన నిలబెడితే తాతగారు కనబడకుండా పోతారు. ఆ పేజీ తీసేయి.

నోటు దగ్గర మొదలుపెట్టు. మెట్ట ఊళ్ల నుంచి వచ్చే కక్షిదారులు జేబులోంచి ఎక్కువగా తీసేది ప్రామిసరీ నోటే. నోటు గడువు మూడేళ్లు. ఆలోగా దావా వేయకపోతే కాలదోషం పడుతుంది, ఆ తర్వాత దావా నిలవదు. గడువు లోపల బాకీదారు ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఇది ఏ ప్లీడరుకైనా తెలుసు. ఇంకో వారంలో గడువు అయిపోతుందనగా అప్పిచ్చినాయన వచ్చి నోటు బల్ల మీద పెట్టాడనుకో. దావా వేస్తే ప్లీడరుకు ఫీజు వస్తుంది. మీ తాతగారు దావా వేయకుండా బాకీదారుకు కబురుపెట్టేవారని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్లిపోయావు. నాకు ఆ వాక్యం నాలుగు పేజీలు కావాలి. కబురు ఎవరితో పంపారు? వచ్చినాయన వరండాలో నిలబడే ఉన్నాడా, తాతగారు కూర్చోమన్నారా? అప్పిచ్చినవాడి ఎదుట తలెత్తలేని మనిషి చేత వంద రూపాయలు కట్టించి, తేదీ వేయించి, 'అసలు వడ్డీల కింద చెల్లు' అని రాయించేటప్పుడు, చెయ్యి వణికి నోటు జారుతుంటే అంచు అదిమిపట్టింది ఎవరు? ఆ తర్వాత వాళ్లిద్దరూ ఒకే బస్సెక్కి ఒకే ఊరికి పోవాలి. మర్నాడు ఒకే టీకొట్టు దగ్గర ఎదురుపడాలి. ఆ సంగతి మీ తాతగారికి తెలుసు గనకే ఫీజు వదులుకున్నారని నా నమ్మకం.

అయితే ఇట్లాంటి వాటికి ఓ.ఎస్. నంబరు, అంటే దావా దాఖలైనప్పుడు కోర్టు ఇచ్చే నంబరు, ఉండదు. దావా పడలేదు కాబట్టి కోర్టు రికార్డులో వెతికినా దొరకవు. ఆయన చేసిన మేలులో సగం పైన ఇట్లాంటిదే అయివుంటుంది. మనుషులనే వెతుక్కోవాలి. ముందు గుమాస్తా గారి దగ్గరికి వెళ్లు. ఇప్పుడు వేరే ప్లీడరు దగ్గర చేస్తున్నారన్నావు కదా. వాయిదాల డైరీలు అటక మీద ఉంటే దించి ఆయన ముందు పెట్టు. 'రాజీ' అని రాసి కొట్టేసిన చోటల్లా వేలుపెట్టి అడుగు. లోక్ అదాలత్‌లకు చట్టబలం వచ్చింది 1995 నవంబరులో. ఇప్పుడు అక్కడ రాజీపడితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, మళ్లీ అప్పీలు ఉండదు. అంతకుముందు అదంతా ప్లీడర్ల వరండాల్లో, పెద్దమనుషుల నోటిమాట మీద జరిగిన వ్యవహారం.

ఇక కుటుంబం సంగతి. నీ రాతలో నాకు వెలితి తోచింది ఇక్కడే. ఫీజు ఇవ్వలేనివాళ్ల దగ్గర పుచ్చుకోలేదని, నిమ్మకాయల సంచీ తెచ్చిస్తే చాలనేవారని రాశావు. మరి ఆ నెల ఇంట్లోకి సరుకులు ఎట్లా వచ్చాయి? మొదటి బస్సుకు దిగిన కక్షిదారుకు కాఫీ, కోర్టు వేళకు ముందే అన్నం పెట్టింది మీ అవ్వ. నీ అరవై పేజీల్లో ఆమె పేరు ఒకే ఒక్కసారి వచ్చింది. మీ నాన్న కాలేజీ ఫీజు కట్టాల్సిన రోజు గాజులు తాకట్టుకు వెళ్లాయా? బ్యాంకుకా, సేటు దగ్గరికా? విడిపించుకున్నారా? తాతగారి ఔదార్యంలో ఆమె వాటా ఎంతో తేలకుండా ఈ పుస్తకం పూర్తికాదు. ఆమె మనసారా ఇచ్చి ఉండొచ్చు, నొచ్చుకుని ఉండొచ్చు, ఒక్కొక్కప్పుడు ఒక్కోలా ఉండొచ్చు. ఊహించి రాయకు, ఆమెను చెప్పనీ. చిక్కుళ్లు వలుస్తున్నప్పుడు నువ్వూ నాలుగు కాయలు అందుకుని కూర్చో. ఫోనులో రికార్డింగు పెట్టి ఎదురుగా కూర్చుంటే పెద్దవాళ్లు మంచి మాటలే చెబుతారు, అసలు మాటలు చెప్పరు.

ఇంకో ప్రశ్నకు ధైర్యం కావాలి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చిన సవరణ మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. దేశమంతటికీ 2005లో వచ్చింది. అయితే ఆ 1985 తేదీకి ముందే పెళ్లయిన ఆడపిల్లలకు రాష్ట్ర సవరణ వర్తించలేదు. పెళ్లి ఏ రోజు జరిగిందన్నదాని మీదే అక్కాచెల్లెళ్లలో ఒకరికి పొలం వచ్చి ఇంకొకరికి రాకుండా పోయింది. ఊళ్లో ఆడపడుచుల తరఫున తాతగారు భాగపంపకం దావాలు నడిపారని గర్వంగా రాశావు. గర్వపడాల్సిందే. మరి ఆయన సొంత చెల్లెళ్లు? చట్టం ఇవ్వకపోయినా ఆయన పసుపు కుంకుమ కింద రాసిచ్చారా? ఇస్తే ఆ కాగితం వెతుకు. ఇవ్వకపోతే అదీ రాయి. కుటుంబం కోసం బతికారని నువ్వు అంటున్నప్పుడు పాఠకుడు ముందు అడిగేది అదే.

1989 నవంబరు తుఫాను మూడు వాక్యాల్లో అయిపోయిందేం? అది తీరం దాటింది కావలి దగ్గరే కదా. తడిసిన కేసు కట్టలు ఒకవైపు ఆరబెట్టుకుంటూ, మరోవైపు ఇల్లు కూలినవాళ్లకు అర్జీలు రాసిచ్చారన్నావు. ఆ వరండా మొత్తం నాకు చూపించు. జమీన్ రైతు పాత సంచికలు దొరికితే ఆ నెలలవి తిరగెయ్యి, తేదీలు సరిచూసుకోవచ్చు.

సారా వ్యతిరేక ఉద్యమం దగ్గర మాత్రం తగ్గించు. దూబగుంట ఆడవాళ్లు అంటించిన నిప్పు 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించేదాకా పోయింది. ఆ పోరాటం వాళ్లది. తాతగారు చేసింది జామీను కాగితాలు రాయడమే అయితే అంతే రాయి, ఆయన్ని ముందువరసలోకి జరపకు. జామీనుదారు దొరకని రోజు ఇంటిపన్ను రసీదు పట్టుకుని ఎవరు ముందుకొచ్చారో గుమాస్తా గారికి గుర్తుంటే, ఆ మనిషికి ఒక పేజీ ఇవ్వు.

మే నెలలో కోర్టుకు వేసవి సెలవులు, గుమాస్తా గారికి అప్పుడైతే తీరిక. ఈలోపు మీ అవ్వతో మాట్లాడటం కానియ్యి. ముందు నోటు అధ్యాయం ఒక్కటే తిరగరాసి పంపు. అది చూశాక మిగతావాటి సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో